ప్లేడేట్‌లో ఫిగర్ స్కేటింగ్ రిథమ్ గేమ్: బీట్ మీద పడాల్సింది ఎగరడం కాదు, దిగడం

ప్లేడేట్ అంటే పక్కన తిప్పే పిడి (క్రాంక్) ఉన్న, చేతిలో పట్టే చిన్న గేమ్ మెషీన్. దాని మీద వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా ప్లేడేట్ మీద ఫిగర్ స్కేటింగ్ రిథమ్ గేమ్ చేస్తున్నాను. బీట్ పడగానే బటన్ నొక్కితే స్కేటర్ ఎగిరి గాల్లో తిరుగుతుంది. అంతా పనిచేస్తోంది కానీ ఆడుతుంటే స్కేటింగ్‌లా లేదు, ఏదో డ్రమ్స్ గేమ్‌కి స్కేటర్ బొమ్మ తగిలించినట్టుంది. పాట సగానికొచ్చేసరికి సింక్ కూడా తప్పుతోంది. క్రాంక్‌ని ఎక్కడ వాడాలో తోచట్లేదు. తెలుగు సినిమా పాటలు పెట్టొచ్చా?"

మొబైల్ గేముల్లో ఆడియో కోడ్ రాయడమే నా ఉద్యోగం. ప్లేడేట్ మీద సరదాకి రిథమ్ గేములు చేస్తుంటాను. స్కేటింగ్ పిచ్చి వేరే ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సింక్ సంగతి తేల్చేద్దాం, అది తేలిక. మీరు కోడ్ పెట్టలేదు కానీ, ప్రతి ఫ్రేముకీ 33 మిల్లీసెకన్లు కలుపుకుంటూ పోతున్నారని దాదాపు ఖాయంగా చెప్పగలను. ప్లేడేట్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు గీస్తుంది. గీయాల్సింది ఎక్కువైనప్పుడు ఆ వేగం పడిపోతుంది. మీ లెక్క మాత్రం 33, 33 అంటూ కలుపుకుంటూనే ఉంటుంది. పాట తన గడియారం మీద తను పోతుంటుంది. రెండు నిమిషాలయ్యేసరికి తేడా చెవికి తెలుస్తుంది. మందు ఒకటే: సమయాన్ని మీరు లెక్కపెట్టకండి, ఆడియోనే అడగండి. ప్లేడేట్ ఎస్‌డీకే (గేములు రాయడానికిచ్చే కిట్) సౌండ్ లైబ్రరీలో గెట్‌కరెంట్‌టైమ్ అనే ఫంక్షన్ ఉంది. అది ఆడియో హార్డ్‌వేర్ గడియారం నుంచి సమయం చెబుతుంది. పాట మొదలైన క్షణంలో ఆ విలువ దాచుకుని, ఆ తర్వాత ప్రతి ఫ్రేములో తీసివేత చేసుకుంటే చాలు. ఫ్రేములు జారినా బొమ్మ ఒక్కసారి గెంతుతుందే తప్ప పాటకు దూరం కాదు.

ఇంకో రెండు చిన్న మాటలు. పాటని ఎంపీ3లో పెట్టి ఉంటే తీసేసి, విప్పడం తేలికైన ఏడీపీసీఎం అనే రకం వేవ్ ఫైల్‌గా మార్చండి. ఎంపీ3ని విప్పడానికి ఆ చిన్న ప్రాసెసర్ చాలా కష్టపడుతుంది. పైగా ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దాన్ని తనే చేరుస్తుంది, మీ బీట్ మ్యాప్ (ఏ బీట్ ఏ క్షణంలో పడుతుందో చెప్పే పట్టిక) మొత్తం ఆ మేరకు పక్కకి జరుగుతుంది. రెండోది, టైమింగ్‌ని ల్యాప్‌టాప్‌లోని సిమ్యులేటర్‌లో చూసి తృప్తి పడకండి. ల్యాప్‌టాప్ ఆడియో ఆలస్యం వేరు, చేతిలోని మెషీన్ ఆలస్యం వేరు.

ఇక అసలు విషయం. స్కేటింగ్‌లా ఎందుకు లేదంటే, మీరు బీట్‌ని ఎగిరే క్షణానికి కట్టారు. నిజం స్కేటింగ్‌లో చూసేవాళ్ల ఒంటికి తగిలేది దిగే క్షణం. ఏదైనా మంచి స్కేటింగ్ ప్రదర్శన వీడియో తీసి, లట్జ్ అనే రకం జంప్‌ని ఒక్కదాన్ని గమనించండి. స్కేటర్ వెనక్కి జారుతూ పొడుగాటి వంపు గీస్తుంది, రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. మోకాలు వంగుతుంది. రెండో కాలి బ్లేడు ముందున్న పళ్లు ఐసులో టక్కున దిగుతాయి. గాల్లో ఉండేది సెకనులో మూడింట రెండు వంతులు, అంతే. తర్వాత ఒంటికాలి మీద వెనక్కి దిగి, ఇంకో కాలు బారుగా చాచి, ఆ వంపు మీద అలాగే జారిపోతుంది. సంగీతం తెలిసిన స్కేటరైతే సంగీతంలోని బరువైన దెబ్బని ఆ దిగడానికి అందిస్తుంది. మన మృదంగంలో ముక్తాయింపు ఎన్ని లెక్కలు వేసినా చివరికి వచ్చి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, వాలాలి కదా, ఇదీ అంతే. సమానికి ముందు జరిగిందంతా దానికోసమే. మీ ప్రొటోటైప్‌లో సమం మీద లెక్క మొదలవుతోంది, అందుకే అది డ్రమ్స్ గేమ్ అయింది.

కాబట్టి ఒక జంప్‌ని ఒక్క నొక్కుడుగా కాక మూడు పనులుగా విడగొట్టండి. బటన్ నొక్కి పట్టుకోవడం అంటే మోకాలు వంచడం. వదలడం అంటే గాల్లోకి లేవడం. మళ్లీ నొక్కడం అంటే దిగడం. దిగాక ఆ బటన్‌ని వదలకుండా పట్టుకుంటే అది జారుడు: సంగీతంలో ఆ వాక్యం పూర్తయ్యేదాకా పట్టుకున్నవాళ్లకి ఎక్కువ మార్కులు. నొక్కి, వదిలి, నొక్కడం వేలికి కూడా నిజంగా గెంతినట్టే ఉంటుంది. స్ప్రింగుని అదిమి వదలడంలో ఉన్న సుఖం ఉత్త ట్యాప్‌లో రాదు.

ఇక్కడ పాట వేగం లెక్కలోకొస్తుంది. ట్రిపుల్ జంప్‌కి (మూడు చుట్లు తిరిగేది) గాల్లో 650 మిల్లీసెకన్లు అనుకోండి. నిమిషానికి 92 బీట్లున్న పాటలో ఒక బీట్ నుంచి ఇంకో బీట్‌కి దూరం 652 మిల్లీసెకన్లు. అంటే ఒక బీట్ మీద లేచి తర్వాతి బీట్ మీద దిగొచ్చు, హాయిగా కుదురుతుంది. అదే 120 బీట్ల పాటైతే బీట్‌కి 500. దిగడాన్ని బీట్ మీద పెడితే లేవడం ఎక్కడో మధ్యలో, అడ్డదిడ్డంగా పడుతుంది. అప్పుడు లేవడాన్ని అసలు బీట్‌తో పోల్చి మార్కులు వేయొద్దు. ఆటగాడు ఎప్పుడు వదిలాడో చూసుకుని, ఎత్తుని కొంచెం సర్దేయండి. దిగడం ఒక్కటే కొలవండి. మొదటి రెండు లెవెళ్లకి మాత్రం 85 నుంచి 95 బీట్ల మధ్య పాటలే ఎంచుకోండి, కొత్తవాళ్లకి వేలు త్వరగా అలవాటవుతుంది.

ఎంత తేడా వస్తే ఎన్ని మార్కులు పోవాలి? చాలామంది ఇక్కడ పర్ఫెక్ట్, గుడ్, మిస్ అని మూడు కిటికీలు (ఎంత తేడా దాకా ఒప్పుకుంటామన్న హద్దులు) పెట్టి, అంకెలు తోచినట్టు వేసేస్తారు. మీకు ఆ అవసరం లేదు, స్కేటింగ్ రూల్ పుస్తకమే అంకెలు ఇస్తోంది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ తీర్పు మీద పెద్ద గొడవ జరిగాక, పాత 6.0 మార్కుల పద్ధతిని తీసేసి 2004లో కొత్త పద్ధతి తెచ్చారు. ఇందులో ప్రతి జంప్‌కీ ఒక మూల విలువ ఉంటుంది. దిగేటప్పుడు తిరగాల్సిన చుట్టు ఎంత తక్కువైందో వీడియోలో చూస్తారు. లోటు పావు చుట్టు దాటితే మూల విలువలో 80 శాతమే. లోటు అర చుట్టు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒక చుట్టు తగ్గించి కింది జంప్‌గా లెక్కిస్తారు.

దీన్ని సమయంలోకి మార్చండి. 650 మిల్లీసెకన్లలో మూడు చుట్లంటే చుట్టుకి సుమారు 217, పావు చుట్టుకి 54. అంటే ఆటగాడు 54 మిల్లీసెకన్ల లోపు తొందరపడితే శుభ్రమైన జంప్. 108 దాకా అయితే 80 శాతం. అది దాటితే ట్రిపుల్ కాస్తా డబుల్. ఇదే లెక్క 400 మిల్లీసెకన్ల సింగిల్ జంప్‌కి వేస్తే పావు చుట్టుకి 100 మిల్లీసెకన్లు, చిన్నపిల్లలు కూడా కొట్టేస్తారు. 700లో నాలుగు చుట్లు తిరిగే క్వాడ్‌కి 44. నాలుగున్నర చుట్ల క్వాడ్ ఆక్సెల్‌కి 39. పోటీలో ఆ జంప్‌ని మొదటిసారి దిగింది అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్, 2022 సెప్టెంబర్‌లో, లేక్ ప్లాసిడ్‌లో. చూశారుగా, కష్టాన్ని మీరు డిజైన్ చేయనక్కర్లేదు, చుట్లు పెరిగేకొద్దీ కిటికీ దానంతటదే ఇరుకవుతుంది. నిజానికి స్కేటర్లు ఐసు మీదే కొంత తిరిగి లేస్తారు కాబట్టి గాల్లో పూర్తి చుట్లుండవు. గేముకి ఆ మాత్రం అబద్ధం ఫర్వాలేదు.

బీట్ దాటాక ఆలస్యంగా నొక్కితే అది వేరే తప్పు. చుట్టు ఎక్కువైనట్టు. స్కేటర్ తూలి రెండో కాలు కింద పెడుతుంది, లేదా చెయ్యి ఆనిస్తుంది. కిటికీ వెడల్పు అంతే ఉంచి బొమ్మ మాత్రం మార్చండి. తొందరపడ్డానా, ఆలస్యం చేశానా అన్నది అక్షరాలు చదవకుండానే బొమ్మ చూసి తెలియాలి.

39 మిల్లీసెకన్లని 30 ఫ్రేముల గేములో కొలవలేరని ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. ఒక్కో ఫ్రేమే 33. రిఫ్రెష్ రేటు 50కి పెంచండి, అప్పుడు ఫ్రేము 20కి దిగుతుంది. అదీ చాలదనిపిస్తే బటన్ భాగాన్ని సీ భాషలో రాయండి. అక్కడ బటన్ కాల్‌బ్యాక్‌లో నొక్కిన సమయం వేరుగా అందుతుంది, ఫ్రేముతో పని లేదు. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు 16 బీట్లు వినిపించి వాటితోపాటు నొక్కమనండి. వచ్చిన తేడాల్లో సగటు కాదు, మధ్యస్థం తీసుకోండి. ఎవరో పిలిస్తే అటు చూసి ఒక్కటి తప్పు నొక్కినా సగటు పాడైపోతుంది.

మార్కుల్లో ఇంకొంచెం నిజం కావాలంటే మూల విలువలు అలాగే వాడేయండి: ట్రిపుల్ టో లూప్ 4.2, ట్రిపుల్ లట్జ్ 5.9, ట్రిపుల్ ఆక్సెల్ 8.0, క్వాడ్ ఆక్సెల్ 12.5. నాణ్యతకి జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు, ఒక్కో మెట్టుకి మూల విలువలో పది శాతం. నేను పైన చెప్పిన జారుడుని దీనికి కట్టండి. 2018 నుంచి ఫ్రీ స్కేట్ (పోటీలో రెండోదైన పొడుగాటి ప్రదర్శన) రెండో సగంలో చేసిన చివరి మూడు జంపులకి పది శాతం అదనం కూడా ఇస్తున్నారు. అలసిపోయాక చేసేది కష్టం కదా. గేములో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది: కష్టమైన జంపుని ముందే కానిచ్చేద్దామా, చివరిదాకా దాచుదామా అన్న టెన్షన్ ఆటగాడికి ఉచితంగా దొరుకుతుంది.

క్రాంక్ సంగతి. స్పిన్‌కి తప్ప దేనికీ వాడకండి. జంపులో కూడా క్రాంక్ తిప్పిద్దామనిపిస్తుంది, వద్దు. మెషీన్ చేతిలోకి తీసుకుని చూడండి: క్రాంక్ కుడివైపు, ఎ, బి బటన్లూ కుడివైపే. ఒకే చెయ్యి రెండూ చేయలేదు. బటన్ మీది బొటనవేలు తీసి, క్రాంక్ పిడిని వెతికి పట్టుకోవడానికే సెకను దాకా పోతుంది. అందుకే స్పిన్‌కి ముందు కనీసం నాలుగు బీట్లు ఖాళీ ఉంచండి. అదృష్టవశాత్తు నిజం స్కేటింగ్‌లో కూడా స్పిన్‌లోకి వెళ్లే ముందు పొడుగాటి వంపు ఒకటి ఉంటుంది, కాబట్టి ఆ ఖాళీ ఖాళీలా కనిపించదు. స్పిన్ నడుస్తుండగా ఎడమచేతి డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) ఖాళీగానే ఉంటుంది. భంగిమలు మార్చడానికి దాన్ని వాడండి: కాలు వెనక్కి చాచిన కామెల్, కూర్చున్న సిట్, నిలబడినది.

స్పిన్‌లో "ఎంత వేగంగా తిప్పితే అంత గొప్ప" అని పెట్టారో, ఆటగాళ్లు క్రాంక్ విరగ్గొట్టుకుంటారు. చెయ్యి క్రాంక్‌ని సెకనుకు రెండు మూడు సార్లు తిప్పగలదు, మంచి స్కేటర్ అంతకంటే వేగంగా తిరుగుతుంది. క్రాంక్ ఒక చుట్టుకి స్కేటర్ రెండు చుట్లు తిరిగేలా పెట్టి, వేగాన్ని కాదు, నిలకడని కొలవండి. బీట్‌కి ఒక చుట్టు చొప్పున తిప్పుతున్నాడా లేదా అన్నదే ప్రశ్న. చేతులు దగ్గరికి లాక్కున్నప్పుడు వేగం దానంతటదే పెరగాలి, అది ఫిజిక్స్. అక్కడ మీరు నిష్పత్తిని రెండు నుంచి మూడుకి మార్చేయండి. చెయ్యి అదే వేగంతో తిరుగుతుంటే తెరమీద స్కేటర్ ఒక్కసారిగా జోరందుకోవడం చూడటానికే ముచ్చటగా ఉంటుంది.

నొక్కాల్సిన గుర్తులు తెర పైనుంచి రాలే మామూలు పద్ధతి పెట్టి ఉంటే తీసేయండి. ఆ తెర 400 బై 240 చుక్కలు, నలుపు తెలుపు తప్ప బూడిద రంగు కూడా లేదు, వెనక లైటు లేదు. దీనికి ఐసు కంటే తగిన విషయం ఇంకోటి దొరకదు: తెల్లటి నేల మీద నల్లటి గీత. రింక్‌ని పైనుంచి చూపించి, బ్లేడు గీయబోయే వంపుని చుక్కల గీతగా ముందే వేయండి. స్కేటర్ దాని మీదుగా వెళ్తుంటే అది పూర్తి గీతవుతుంది. జంప్ దిగాల్సిన చోట అడ్డంగా చిన్న గుర్తు. ఇందులో ఇంకో లాభం ఉంది. ఫ్లిప్ జంప్‌కి, లట్జ్‌కి తేడా టీవీలో చూసేవాళ్లకి ఎంతకీ అర్థం కాదు. ఫ్లిప్ బ్లేడు లోపలి అంచు మీంచి లేస్తుంది, లట్జ్ బయటి అంచు మీంచి, అంటే తిరగబోయే దిశకి ఎదురుగా వంగిన గీత మీంచి. పైనుంచి చూస్తే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1990 వరకు పోటీల్లో ఐసు మీద ఎనిమిది అంకె లాంటి గీతలు గీయించి మార్కులు వేసేవాళ్లు. మీ ట్యుటోరియల్‌ని ఆ గీతలతోనే మొదలుపెట్టొచ్చు.

బటన్లు కూడా ఇలాగే పంచేయండి: బ్లేడు పళ్లు గుచ్చి లేచే టో లూప్, ఫ్లిప్, లట్జ్‌కి ఎ, అంచు మీంచే లేచే సాల్‌కో, లూప్, ఆక్సెల్‌కి బి.

చెవికీ పని చెప్పండి. నింటెండో రిథమ్ హెవెన్ ఆడారా? 2008లో డీఎస్ మీద జపాన్‌లో వచ్చింది, సంగీతం త్సుంకు అనే జపాన్ సంగీతకారుడిది. అందులో చాలా ఆటలు కళ్లు మూసుకుని ఆడేయొచ్చు, ఎందుకంటే నొక్కుడుకి ముందు ఒక శబ్దం హెచ్చరిస్తుంది. మీకు అలాంటి శబ్దాలు స్కేటింగే ఇస్తోంది. వంపు లోతుగా పోయేకొద్దీ బ్లేడు సర్రుమనడం చిక్కబడుతుంది, టో జంపుల ముందు టక్కుమంటుంది. ఆ టక్కు తర్వాత ఎంతసేపటికి దిగాలో నాలుగైదు సార్లయ్యాక ఒంటికే తెలిసిపోతుంది. ప్లేడేట్ స్పీకరు చిన్నది, బేస్ వినిపించదు. మీ బీట్ అంతా బేస్ డ్రమ్ మీద ఆధారపడితే ఆటగాడికి బీటే ఉండదు. హెడ్‌ఫోన్స్ తీసేసి ఒకసారి విని చూడండి.

ఇదే విషయం మీద వచ్చిన పెద్ద గేముల్లో తకారా టోమీవారి ప్రెటీ రిథమ్ ఉంది, 2010లో జపాన్ ఆర్కేడ్లలో మొదలై తర్వాత 3డీఎస్‌కీ వచ్చింది. ఆడపిల్లల కోసం స్కేటింగ్, పాటలు, డ్రెస్సులు కలిపిన గేమ్. చూడటానికి బాగుంటుంది కానీ అందులో మోజంతా డ్రెస్సుల మీదే. మీరు వెతుకుతున్న జారుడు అక్కడ దొరకదు.

పడిపోతే? నిజం పోటీలో మామూలుగా ఒక మార్కు పోతుంది, ఆ జంపు నాణ్యత మార్కులూ తగ్గుతాయి, అంతే. సంగీతం ఆగదు. స్కేటర్ లేచి తర్వాతి బీట్ పట్టుకుంటుంది. మీ గేములో "గేమ్ ఓవర్" అసలు పెట్టొద్దని నా సలహా. పడ్డాక నాలుగు బీట్లు లేవడానికి, ఆ మధ్యలో వచ్చే జంపు పోయినట్టే. ఆటగాడు దానికే తిట్టుకుంటాడు, వేరే శిక్ష అక్కర్లేదు.

స్కేటింగ్‌ని దగ్గర్నుంచి చూడటానికి ఐస్ రింక్ లేదే అని దిగులు పడకండి. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో కూడా ఇవే జంపులు, ఇవే అంచులు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అందులో కంచు పతకాలు తెచ్చిన అనూప్ కుమార్ యామా హైదరాబాద్ అబ్బాయే. ఇందిరా పార్కు దగ్గరి రింక్‌కి ఒక ఉదయం వెళ్లి, ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసుకుని, లేవడానికీ దిగడానికీ మధ్య ఫ్రేములు లెక్కపెట్టండి. తీసే ముందు కోచ్‌నీ, పిల్లల తల్లిదండ్రుల్నీ అడగడం మర్చిపోకండి.

చివరిగా పాటలు. సినిమా పాటలు వద్దు. కాలేజీలో చూపించి వదిలేస్తారా, ఎవరూ అడగరు. ఇచ్‌డాట్‌ఐఓలో (గేములు అందరికీ పెట్టే వెబ్‌సైట్) పెట్టిన రోజు నుంచి మీకు తలనొప్పే. అసలు స్కేటర్లకే ఈ బాధ తప్పలేదు: 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా జంట ఒకటి వాడిన రికార్డింగ్ మీద దాన్ని చేసినవాళ్లు కోర్టుకెళ్లారు. పాత సంగీతమైతే ఫ్రీ అనుకోవడం కూడా సగమే నిజం. మన చట్టంలో స్వరకర్త పోయిన 60 ఏళ్లకి ఆయన రచన అందరిదీ అవుతుంది, కానీ రికార్డింగ్‌కి విడిగా, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. చైకోవ్‌స్కీ స్వరాలు మీవే, నిరుడు ఎవరో వాయించి రికార్డు చేసిన చైకోవ్‌స్కీ మీది కాదు. త్యాగరాజ కృతులకీ ఇదే లెక్క.

వయొలిన్ వాయించే స్నేహితులు కాలేజీలో ఒక్కరైనా ఉంటారు, వాళ్లచేత వాయించి రికార్డు చేసుకోండి. వాడుకుంటానని ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. క్లిక్ ట్రాక్ (తాళం కోసం వినిపించే టిక్ టిక్ శబ్దం) పెట్టి వాయించమనొద్దు, స్కేటింగ్ సంగీతంలో వేగం సాగుతూ తగ్గుతూ ఉంటేనే అందం. అప్పుడు "నిమిషానికి ఇన్ని బీట్లు" అన్న ఒక్క అంకెతో పని జరగదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పాట వింటూ ప్రతి బీట్ దగ్గరా లేబుల్ వేసి, ఆ లేబుళ్లని టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే సెకన్లలో పట్టిక వస్తుంది. అదే మీ బీట్ మ్యాప్. జంపులన్నీ పెట్టకుండా మొదట 40 సెకన్ల సంగీతం, ఒక సాల్‌కో, ఒక టో లూప్, ఒక స్పిన్‌తో చేసి ఇక్కడే లింక్ పెట్టండి, ఆడి చెబుతాను.